ముప్పై ఆరు గ్రాములు

"పట్టు తూచే కాటా మీద గ్రీసు పెడతారామ్మా ఎవరన్నా?" అని చంద్రమోహన్ మూడోసారి అడిగాడు. మొదటి రెండుసార్లూ గొంతులో కోపం ఉండింది. ఇప్పుడు ఉత్త నీరసమే మిగిలింది.

"తుడిచినా కదా నాయనా," అంది సౌమ్య తల ఎత్తకుండా. విప్పిన సైకిలు చక్రం ఆమె ఒళ్ళో ఉంది. టైరు ఒక పక్క, ట్యూబు ఒక పక్క చాప మీద పడి ఉన్నాయి.

"తుడిస్తే పోతాదా? రేపు చీర మీద ఒక చుక్క కనపడితే షావుకారికి నేనేం చెప్పాల? మా పాప చక్రం తూచింది సామీ, అని చెప్పాల్నా?"

"పేపరు పరిచి తూచమని నిన్నటి నుంచి చెప్తాండా," అంది పద్మజ వంటింటి గడప దగ్గర నిలబడి.

"పేపరు కూడా బరువు చూపిస్తాదిమా."

"ఆ రెండు గ్రాములు తీసేసుకోవడం రాదా? ఇంటరు పాసైనావు!"

చంద్రమోహన్ తల్లి పుట్టమ్మ గోడకానుకుని కండెలు చుడుతోంది. రాట్నం ఆపకుండానే అంది. "నా మాట వింటే కాటా వద్దు, గ్రీసూ వద్దు. పొద్దున రెండో సంగటి ముద్ద మాన్పిచ్చండి. అరకేజీ ఆడే తగ్గుతాది."

"అవ్వా, నువ్వు గమ్మునుండు."

"నేను గమ్మునే ఉండాను. రాట్నమే మాట్లాడతాండాది."

చంద్రమోహన్ మగ్గం గుంతలోంచి లేచి వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు. "సైకిలు ఎంత బరువు?"

"పది కిలోలు."

"నువ్వు?"

"యాభై."

"అరవై కిలోలు. దాంట్లో ఇరవై గ్రాములు తగ్గిస్తే, పాపం పిల్ల తేలికైందే అని కొండ ఏమన్నా వంగి దారిస్తాదా?"

"చక్రం చుట్టూ తిరిగే బరువు నాయనా. తిరిగేదాని మీద ఒక గ్రాము తగ్గిస్తే రెండు గ్రాములు తగ్గించినట్టు లెక్క. ఫోన్లో చూసినా."

"ఫోన్లో ఏమన్నా చెప్తారు."

"చీర తూకంలో ఐదు గ్రాములు తక్కువొస్తే నువ్వు రెండు రోజులు సరిగ్గా అన్నం తినవు. నాకు తక్కువైనవి రెండు సెకన్లు."

ఆ మాటకు పుట్టమ్మ కూడా రాట్నం ఆపింది.

నిరుడు పెనుకొండలో కొండ రోడ్డు మీద సైకిలు పోటీ పెట్టి, జిల్లా తరఫున ఇద్దరు ఆడపిల్లలను ఎంపిక చేశారు. సౌమ్య మూడోది. రెండో పిల్లకూ ఈమెకూ తేడా సరిగ్గా రెండు సెకన్లు. ఎంపికైతే ప్రభుత్వ హాస్టల్లో ఉంచి నేర్పిస్తారు, తిండీ వాళ్ళదే, సైకిలూ వాళ్ళదే. జూనియర్లలో ఆడటానికి ఆమెకు ఇదే చివరి ఏడు. ఇంటరు అయిపోగానే చంద్రమోహన్ కూతురికి ఒక మాట చెప్పాడు. "ఒక్క ఏడాది ఇస్తా. ఎంపికైతే పో, నేను అడ్డం రాను. కాకుంటే రెండో మగ్గం నీది." అది బెదిరింపు కాదు. ధర్మవరంలో ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా రెండు మగ్గాలాడితేనే ఇల్లు గడిచేది. ఈ ఇంట్లో రెండోది మూడేళ్ళుగా ఖాళీగా ఉంది. ఆ మగ్గం పద్మజది. నడుము పూసలు అరిగాయని, ఇక గుంతలో కూర్చుంటే కాళ్ళు పడిపోతాయని డాక్టరు చెప్పాక ఆమె లేచింది.

కూతురు చాప మీద వరసగా పెట్టిన వస్తువుల్లో ఒకదాని దగ్గర పద్మజ చూపు ఆగింది. నల్లటి రబ్బరు పట్టీ. వేలంత వెడల్పు, చక్రం చుట్టంత పొడవు.

"ఇదేంటికి?"

"రిమ్ము లోపల స్పోకుల కోసం బెజ్జాలుంటాయి కదమా. వాటి అంచు ట్యూబుకు తగలకుండా పైన ఇది వేస్తారు. ఇరవై నాలుగు గ్రాములు. రెండు చక్రాలకు నలభై ఎనిమిది. గుడ్డది దొరుకుతాది గానీ అది ఇంకా బరువు."

"పట్టుది వేస్తే?"

సౌమ్య తల ఎత్తి చూసింది. ఆ వారంలో ఆ పిల్ల తల్లి ముఖంలోకి నేరుగా చూడటం అదే మొదటిసారి. పద్మజకు ఆ చూపు చాలింది.

ఆ నెల పడుగు మీద మూడు చీరలు దిగాక కొస మామూలుకన్నా కాస్త పొడవుగానే మిగిలింది. మామూలుగా దాన్ని కోసి పక్కన పడేస్తారు. చంద్రమోహన్ చీరలిచ్చి రావడానికి షావుకారి దగ్గరకు పోయిన మధ్యాహ్నం పద్మజ కొంగు నడుముకు గట్టిగా బిగించి గుంతలోకి దిగింది. అంచు దారాలన్నీ వదిలేసి నడుమ రెండు చోట్ల వేలి వెడల్పున మాత్రం పేక ఆడించింది. జరీ లేదు, పువ్వు లేదు. ఒక్కో పోగుకూ రెండేసి దెబ్బలు కొట్టి, చీరకన్నా రెండింతలు చిక్కగా నేసింది. రెండు మధ్యాహ్నాలు పట్టింది. మొదటిరోజే నడుములోంచి ఎడమ కాలి మడమ దాకా నిప్పు పాకినట్టయింది. లేచేటప్పుడు అత్త వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీకు పిచ్చి పట్టిందే పద్మా," అంది పుట్టమ్మ. చెయ్యి మాత్రం వదల్లేదు.

నాడాలు రెండూ కాటా మీద పెడితే ఒక్కొక్కటి ఆరు గ్రాములు. రెండు చక్రాలకూ కలిపి ముప్పై ఆరు గ్రాములు మిగిలాయి. సౌమ్య నాడాను వేళ్ళకు చుట్టుకుని రెండు వైపులా లాగింది. తెగలేదు. చంద్రమోహన్ లాగాడు. అతనికీ తెగలేదు. అప్పటిదాకా నవ్వుతూ చూస్తున్నవాడు నేత దగ్గరగా పెట్టుకుని చూశాడు. "బాగా కొట్టినావు," అన్నాడు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆమె నేతను అతను మెచ్చుకున్నది ఎన్నిసార్లో పద్మజ వేళ్ళ మీద చెప్పగలదు.

"రేపు పొద్దున వేసుకొని పెనుకొండ దాకా పోయొస్తా," అంది సౌమ్య.

"ఏంటికి? పోటీ ఇంకా పదైదు రోజులుండాది. పట్టు ముందే వాడి నలిపేస్తే ఆ రోజుకు ఏముంటాది?" అంది పద్మజ. ఆ మాటలో ఎవరికీ తప్పు కనిపించలేదు. కొత్త పట్టు ఆ రోజుకే మడత విప్పాలి. ఆ ఇంట్లో ఏ పట్టూ ముందుగా ఒంటి మీదకు వచ్చింది లేదు. నాడాలకు పసుపు బొట్టు పెట్టి బీరువాలో మడిచి పెట్టింది. పోటీ ముందురోజు సాయంత్రం సౌమ్య వాటిని తీసి, చక్రాలకు వేసి గాలి కొట్టింది.

పోటీ మే నెల మొదటి ఆదివారం జరిగింది. నిమిషానికి ఒకరి చొప్పున కింద నుంచి వదిలారు. సౌమ్య నంబరు పదమూడు. పద్మజా చంద్రమోహనూ పైన ముగింపు గీత దగ్గర నిలబడ్డారు. ఎనిమిదిన్నరకే తారు కాలుతోంది. పన్నెండో పిల్ల వచ్చింది. ఆ తర్వాత పద్నాలుగో నంబరు వచ్చింది. పదిహేనో నంబరు వచ్చింది. మలుపు దగ్గర సౌమ్య కనిపించేసరికి ఆమె సైకిలు మీద లేదు. వెనక చక్రం చదునుగా, టైరు రోడ్డు మీద జీరాడుతుంటే సైకిలును తోసుకుంటూ పరిగెత్తుకొస్తోంది. గీత దాటాక కూడా ఆగలేదు. ఇంకో నాలుగడుగులు పరిగెత్తి గోడ దగ్గర కూలబడింది. ఏడుపు మాత్రం రాలేదు.

ఇంటికొచ్చాక చంద్రమోహన్ హిందూపురంలోని ఈశ్వరప్పకు ఫోన్ చేశాడు. ఆ ముసలాయన సైకిలు అంగడి పెట్టి నలభై ఏళ్ళయింది. చక్రాలు సరిచేసిచ్చింది, కొత్త ట్యూబులు ఇచ్చింది ఆయనే. రెండేళ్ళుగా సౌమ్యకు కొండ ఎక్కడం నేర్పింది కూడా ఆయనే.

"ఏమప్పా ఈశ్వరప్పా, నిన్ను నమ్మినందుకు పాత ట్యూబు అంటగట్టినావు కదప్పా మా పిల్లకు! ఏడాది పాటు కష్టపడినాది మన్ను పాలాయ!"

అవతల ఏం చెప్పాడో పద్మజకు వినపడలేదు. "చక్రం పట్టుకొని రమ్మంటాడు, చూస్తాడంట! చూసి ఏం చేస్తాడు?" అని చంద్రమోహన్ ఫోన్ గూట్లో పడేశాడు.

"ముల్లు దిగుంటాది నాయనా. ఆయన్నేంటికి అంటావు," అంది సౌమ్య.

అంతవరకే అంది. ట్యూబు పేలితే అక్కడికక్కడే టైరు విప్పి చూసే పిల్ల ఆ చక్రం జోలికి పోలేదు. మంగళవారం పోలేదు, బుధవారం పోలేదు. సైకిలు గోడకు ఆనించి పైన దుప్పటి కప్పింది. తల్లి దగ్గరకొస్తే లేచి నీళ్ళ బిందె తీసుకునేది. పద్మజకు అప్పుడర్థమైంది. ముల్లు కాదని ఆ పిల్లకు తెలుసు. తన దగ్గర దాస్తోంది. అమ్మ చేసినదాన్ని అమ్మకే చూపించలేక దాస్తోంది.

"సోమవారం నుంచి పాపను కూర్చోబెడదాం. పడుగు వస్తాది," అన్నాడు చంద్రమోహన్ గురువారం. సౌమ్య "ఊఁ" అంది. నిరుడైతే వాదించేది.

శుక్రవారం పొద్దున పద్మజ వెనక చక్రం తనే విప్పి, పాత చీరలో చుట్టి, హిందూపురం పోయే ప్యాసింజరు ఎక్కింది. అత్తకు మాత్రమే చెప్పింది.

ఈశ్వరప్ప అంగడి మార్కెట్టు వెనక సందులో ఉంది. ఆయన మూట చూడగానే లేచి స్టూలు తుడిచి వేశాడు.

"కూర్చోమ్మా. నడుము ఎట్లుండాది?"

"ఉండాదిలే అన్నా. ఇది చూడు."

ఆయన టైరు ఒక వైపు ఎత్తి ట్యూబు బయటకు లాగాడు. కళ్ళద్దాలు ముక్కు మీదకు జార్చుకుని లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వేలితో పసుపు మరకున్న పట్టు నాడాను పైకెత్తాడు.

"ఇదేందిమ్మా?"

"నేను నేసినా."

ఆయన చక్రాన్ని ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. నాడా ఎక్కడా తెగలేదు. ఒక పోగు కూడా లేచి లేదు. ఒకచోట మాత్రం అర వేలంత పక్కకు జారి ఉంది. అక్కడ స్పోకు బెజ్జం ఒకటి నోరు తెరుచుకుని కనిపిస్తోంది. ట్యూబు మీద సరిగ్గా అక్కడే చంద్రవంక ఆకారంలో కోత.

"గాలి ఒత్తిడికి ట్యూబు ఆ బెజ్జంలోకి దిగింది. అంచు కోసేసింది. రబ్బరైతే రిమ్ముకు కరుచుకుంటాది. పట్టు జారుతాది కదమ్మా."

"ముందురోజు వేసి తొక్కింటే తెలిసేదా?"

"నాలుగు కిలోమీటర్లు తొక్కింటే తెలిసేది."

పద్మజ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సందులో ఎవరో కన్నడంలో పూలు అమ్ముకుంటూ పోతున్నారు. ఆమె అడిగింది. "అన్నా, నిజం చెప్పు. ముప్పై ఆరు గ్రాములు తగ్గితే పిల్లకు ఎంత కలిసొస్తాది?"

"అరవై కిలోలు కొండ మీదికి పోవాల. అంత బరువులో ముప్పై ఆరు గ్రాములంటే... పద్నాలుగు నిమిషాల కొండకు అర సెకను. ఇట్ల." ఆయన చిటికె వేశాడు.

"తిరిగే బరువు రెండింతలంటాదే పాప."

"ఆగి, మళ్ళా బయలుదేరి, మళ్ళా ఆగితే ఆ లెక్క. కొండ ఒకే పోత. ఆడ రెండింతలు యాడుండాది? పోనీ, ఒక సెకనే అనుకో. పెద్ద పెద్ద పోటీల్లో పోయేవాళ్ళు ఇవన్నీ చేస్తారు. తప్పు లేదు. వాళ్ళకు తగ్గించుకునేదానికి ఇంకేమీ మిగల్లేదు. మన పాపకు ఇంకా కాళ్ళల్లోనే శానా ఉండాది."

"నిరుడు రెండు సెకన్లే కదా పోయింది."

"నిరుడు చివరి మలుపులో వెనక్కి తిరిగి చూసింది. ఎవరొస్తాండారా అని. నేను ఆడనే ఉండా. రెండు సెకన్లు ఆడ పోయినాయి. చక్రంలో కాదు. అది నేను అప్పుడే చెప్పాల్సింది. చిన్నపిల్ల, నొచ్చుకుంటాదని చెప్పలా." ఈశ్వరప్ప పానా తీసి మళ్ళీ కింద పెట్టాడు. ఇంకేదో ఉందని పద్మజకు ఆ చేతుల్ని చూస్తే తెలిసింది.

"ఈసారి యాడున్నావన్నా నువ్వు?"

"సగం కొండ కాడ. గడియారం పట్టుకొని."

"అయితే?"

"వద్దులేమ్మా."

"చెప్పన్నా."

"నా మలుపు దాటేతలికి పాపకు ఆరు నిమిషాల నలభై సెకన్లు. రెండో స్థానంలో ఎంపికైన పిల్లకు ఆరు యాభై తొమ్మిది." ఆయన ఆమె వైపు చూడలేదు. "పంతొమ్మిది సెకన్లు ముందుండాది. అయిపోయినాక చెప్పి ఏం లాభమని గమ్మునైనా. మీ ఆయన నన్ను తిట్టినా పడినా. రబ్బరు పట్టీతోనే పోయింటే..." అని ఆపేశాడు.

పద్మజ లేచి నిలబడబోతే ఎడమ కాలు మాట వినలేదు. ఈశ్వరప్ప చెయ్యి అందించాడు. ఆయన కొత్త ట్యూబు వేసి, రబ్బరు పట్టీ వేసి ఇచ్చాడు. పద్మజ అడిగితే, వచ్చే ఏడు పెద్దవాళ్ళతో తొక్కాల్సి ఉంటుందని, అది కష్టమేనని చెప్పాడు. నాడాను ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుంటే ఆమే తీసుకుని అంగడి చెత్తబుట్టలో వేసింది.

తిరుగు ప్యాసింజరులో కిటికీ పక్కన సీటు దొరికింది. పెనుకొండ వచ్చినప్పుడు ఆమె తల తిప్పుకోలేదు. కొండ ఎండలో కాలిన రంగులో ఉంది. రోడ్డు మలుపులు సన్నగా కనిపిస్తున్నాయి. ఆ మలుపుల్లో ఒకచోట తన బిడ్డ ఎంపికైన పిల్లకన్నా ముందుండింది. ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఆ బిడ్డ లేదు.

చెప్పకపోతే ఏమవుతుంది? సౌమ్య సోమవారం గుంతలో దిగుతుంది. నాడా జారినా జారకపోయినా తనకంత శక్తి లేదులే అనుకుంటుంది. నాలుగేళ్ళకు అదే నిజమైపోతుంది. తల్లి మీద జాలితో ఏమీ అడగదు. చంద్రమోహన్ ఈశ్వరప్పను తిడుతూనే ఉంటాడు. చెప్తే? గెలవాల్సింది గెలవలేదని తెలుస్తుంది. గెలుపును ఎవరు లాగేశారో తెలుస్తుంది. పసుపు బొట్టు పెట్టి దాచింది ఎవరో తెలుస్తుంది. చెప్పకుంటే తన మర్యాద మిగులుతుంది. అంతకుమించి చెప్పకపోవడంలో మిగిలేదేమీ పద్మజకు కనిపించలేదు. రైలు దిగి ఇల్లు చేరేసరికి చక్రం మూట భుజాన్ని కోసేసింది.

శనివారం నోరు రాలేదు. రెండుసార్లు మొదలుపెట్టి చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ అన్నాలకు కూర్చున్నారు. సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి. చంద్రమోహన్ రేపు వచ్చే పడుగు గురించి చెబుతున్నాడు. ఎరుపు ఒళ్ళు, ఆకుపచ్చ అంచు, పెళ్ళి చీరలు. పాపకు మొదట ఒళ్ళు నేయడమే నేర్పిస్తానన్నాడు. సౌమ్య ముద్దను పళ్ళెంలో ఈ పక్క నుంచి ఆ పక్కకు జరుపుతోంది.

"ట్యూబు కోసింది ముల్లు కాదు," అంది పద్మజ. "ఈశ్వరప్ప తప్పు కూడా కాదు. నేను నేసిన నాడా జారింది. హిందూపురం పోయి చూపించుకొచ్చినా."

చంద్రమోహన్ చెయ్యి ఆగింది. సౌమ్య "అమ్మా, ఇప్పుడేంటికి..." అంది.

"నీకు తెలుసని నాకు తెలుసు. నీకు తెలియంది ఇంకోటుండాది." పద్మజ కళ్ళెత్తి కూతుర్నే చూసింది. "సగం కొండ కాడ నువ్వు ఎంపికైన రెండో పిల్లకన్నా పంతొమ్మిది సెకన్లు ముందుండావు. నాడా లేకున్నా గెలిచేదానివి. నాడా ఉండబట్టే పోయింది."

"పంతొమ్మిదా?" అంది సౌమ్య.

ఆ పిల్ల మళ్ళీ "పంతొమ్మిది," అంది, ఈసారి అడుగుతున్నట్టు కాదు. ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని, ఆ రోజు రాని ఏడుపంతా ఇప్పుడు ఏడ్చింది. పద్మజ లేచి దగ్గరకు పోలేదు. పోయే హక్కు ఇంకా తనకు ఉందో లేదో తెలియలేదు. పుట్టమ్మే జరిగి మనవరాలి వీపు మీద చెయ్యి వేసింది.

"ఈశ్వరప్పను నోటికొచ్చినట్టు అన్నా," అన్నాడు చంద్రమోహన్. తర్వాత, "ఇప్పుడు తెలిసి ఏం చేయాల? జూనియర్లు అయిపోయినాయి కదా," అన్నాడు.

"వచ్చే ఏడు పెద్దవాళ్ళతో పోవాల. గెలుస్తాదని ఈశ్వరప్ప చెప్పలేదు. కష్టమనే చెప్పినాడు."

"ఇంకో ఏడాదంటే... పడుగు ఒప్పుకొచ్చినా. రేపు వస్తాది."

"రానీ." పద్మజ అత్త పళ్ళెంలో ఇంకాస్త ఊరిబిండి వేసింది. గొంతు పెంచలేదు. "రెండో మగ్గం మీద నేను కూర్చుంటా. పాప ఇంకో ఏడాది సైకిలు తొక్కుతాది."

"నీ నడుము?" అన్నాడు చంద్రమోహన్.

"పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. ఎన్నాళ్ళు కూర్చోగలిగితే అన్నాళ్ళు," అంది పద్మజ. "రేపట్నుంచే."